పట్టా ఎక్కడో బడీ అక్కడే

కృష్ణా డెల్టాలో ఊరు ఒకచోట, వాడ ఒకచోట అని కంకిపాడు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. చదువుల్లో తేడాకు పేదరికం ఒక్కటే కారణమని సరిపెట్టుకుంటున్నాం గాని, ఇల్లు ఉన్న చోటు కూడా అంత బలమైన కారణమే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రపు అక్షరాస్యత 67 శాతం, దళితుల్లో 62, గిరిజనుల్లో 49. తేడా ఎంతో ఈ అంకెలు చెబుతాయి, ఎందుకో చెప్పవు. అది బడుల పేర్లలోనే కొంత కనిపిస్తుంది. మండల పరిషత్ బడుల్లో కొన్నింటి పేరు పక్కన నేటికీ 'హెచ్.డబ్ల్యూ.' అని ఉంటుంది, హరిజనవాడ అని. ఊరి బడి గడప తొక్కనివ్వని రోజుల్లో వాడకో బడి పెట్టడం మేలే. బెజవాడలో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాసభ, అంటే దళితుల సభ, జరిగిన 1917 నుంచి ఇప్పటికి నూరేళ్లు దాటాయి. బడి వచ్చింది, ఎడం మాత్రం పోలేదు.

పైగా కొత్త ఎడం వచ్చింది. స్థోమత ఉన్న ఇళ్ల పిల్లలు పసుపు బస్సెక్కి బందరు రోడ్డు పట్టారు. హెడ్మాస్టరును నిలదీయగల తండ్రులూ వాళ్లతోపాటే సర్కారు బడిని వదిలేశారు. అడిగేవాళ్లు లేని బడిలో పిల్లలు తగ్గుతారు, టీచర్లు తగ్గుతారు, చివరికి 'హాజరు లేదు' అని దాన్నే తప్పుపడతారు. 2022లో జీవో 117 కింద 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించారు. కాగితం మీద అది కిలోమీటరే. ఏడేళ్ల పిల్లకు మాత్రం అది లారీలు తిరిగే రోడ్డు దాటడం. ఆ జీవో తరవాత రద్దయింది, సంతోషం. ఈ ఎడం మన దగ్గరే కాదు. దేశంలో 15 లక్షల పేటలను పరిశీలించిన ఆర్థికవేత్తలకు పట్టణం మొత్తమ్మీద కనపడని తేడా పేట స్థాయిలో కనిపించింది. ముస్లింలు, దళితులు ఎక్కువగా ఉండే పేటలకు సర్కారు సౌకర్యాలు తక్కువ, అక్కడ పెరిగిన పిల్లలకు చదువూ తక్కువ.

'వాళ్లు ఇష్టపడే ఒకచోట ఉంటున్నారు కదా' అంటారు. అద్దె ఇంటి గుమ్మంలో కులం, మతం అడిగి తలుపు వేసేచోట ఇష్టం మాటెక్కడ? 'గురుకులాలున్నాయి' అంటారు. ఉన్నాయి, మంచివే. కాని ప్రవేశ పరీక్ష నెగ్గి అయిదో తరగతిలో చేరే పిల్లకు పునాది వేసింది వాడ బడే. నెగ్గని పిల్లలకు మిగిలేదీ అదే. 'విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లిచ్చింది' అంటారు. ఆ సీటు ఇంటికి దగ్గరి బడిలోనే. ఫీజు కట్టగల ఇళ్లు లేని వాడకు దగ్గర్లో ప్రైవేటు బడి ఎవరు పెడతారు?

ఇక ఇళ్ల స్థలాలు. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో 30 లక్షల ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. పేదలకు ఇల్లు ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. కాని చవగ్గా దొరికిన ఊరవతలి భూమిలో లేఅవుట్ వేస్తే, పాత వాడ పక్కన కొత్త వాడ లేస్తుంది. ఈసారి మీ ఊళ్లో లేఅవుట్ వేసేటప్పుడు, అది ఊరికి ఎంత దూరమో, బడి ఎక్కడో, ఆ బడికి టీచర్లు ఎందరో గ్రామసభలో అడగండి. పట్టాలు పంచాక కాదు, భూమి కొనకముందే అడగండి.