చెప్పులు విప్పించండి

రంగరాయ వైద్య కళాశాలలో పట్టాలు అందుకుంటున్న బాబులూ, అమ్మాయిలూ, మీకూ మీ అమ్మానాన్నలకూ అభినందనలు. ఇక నేరుగా విషయానికొస్తాను.

ఒకప్పుడు గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవాల్సిందే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక తెల్లకార్డుతో ఆసుపత్రికి వెళ్లి, నడుచుకుంటూ ఇంటికొచ్చినవాళ్లు నా ఓపీలోనే ఎందరో! అందుకే ఆ పథకం నిలబడాలని నా ఆరాటం. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి 2 లక్షల దాకా వైద్యం. 2023 డిసెంబరులో ఆ పరిమితి 25 లక్షలయింది. కానీ 2025 అక్టోబరులో బకాయిలు అందలేదంటూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. ఇప్పుడా పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవ. పేరేదైనా, బీపీనీ షుగరునీ ఏళ్ల తరబడి వదిలేస్తే కిడ్నీలు పోవచ్చు, అప్పుడిక వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్. ఆ బిల్లులు ఏ ఖజానా మాత్రం ఎన్నాళ్లు కడుతుంది?

ఉప్పాడ వైపు నుంచి, బోటు మీద వేటకెళ్లే ఒకాయన దగ్గని నా దగ్గరికొచ్చాడు. షుగరుంది. ఒంట్లో బాగుంటే మాత్రలు మానేసే రకం. చెప్పులు విప్పమన్నాను. మడమలో నత్తగుల్ల ముక్క, చుట్టూ చీము. ఎప్పుడు గుచ్చుకుందయ్యా అంటే, "గుచ్చుకుందాండీ?" అని నన్నే అడిగాడు. షుగరు పాదాల నరాలను అంతగా మొద్దుబార్చేసింది. ముక్క తీసి, శుభ్రం చేసి, కట్టు కట్టి, రోజు మార్చి రోజు రమ్మన్నాం. కాలు దక్కింది, మళ్లీ వేటకెళ్లాడు. కాలు తీసేయాల్సి వచ్చుంటే ఆపరేషన్ ఖర్చు పథకం భరించేదేమో గానీ, ఆయన మళ్లీ బోటెక్కగలిగేవాడా?

మీ మీద నా కోపమల్లా ఇదే. రిపోర్టు చూస్తున్నారు, మందు రాస్తున్నారు, మనిషిని ముట్టుకోవడం లేదు. చెప్పులు విప్పమనడానికి నామోషీ ఏమిటర్రా? వంగి పాదం చూడటానికి ఏ స్కానింగూ అక్కర్లేదు.

ముప్పై దాటిన ప్రతివాళ్లకీ బీపీ, షుగరు చూడాలని జాతీయ కార్యక్రమమే ఉంది. ఏఎన్ఎంలు, ఆశా అక్కలు ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకొస్తున్నారు. ఆ రిజిస్టరు తెరిచి, బీపీ ఎక్కువని తేలినవాళ్లలో మళ్లీ రానివాళ్లెవరో వెతకండి. ఊరగాయ, ఎండుచేప మానేయమని కసిరితే రేపట్నుంచి వాళ్లు మీ గుమ్మం తొక్కరు. ఎంత తగ్గించుకోవాలో వండే మనిషిని కూర్చోబెట్టి చెప్పండి.

పీహెచ్‌సీలో చేరిన రోజే బీపీ మిషను సరిగా చూపిస్తోందో లేదో పరీక్షించుకోండి. మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ మాత్రలు నెలాఖరుదాకా సరిపోతాయా అని ఫార్మసిస్టును అడగండి. సరిపోవంటే ఇండెంటు పెట్టి ఊరుకోకండి. జిల్లా మందుల గోదాముకు ఫోను చేయండి, వచ్చేదాకా చేస్తూనే ఉండండి.