అడిగినోళ్లకు మన పేరు వినపడాలె

(వార్షిక సర్వసభ్య సమావేశంలో సమాఖ్య తరఫున చేసిన ప్రసంగ పాఠం)

పొదుపులు, అప్పులు, వాపసుల లెక్కలు ఇప్పుడే విన్నరు. అమ్మకాల గురించి మేము ఒక్క ముచ్చట చెప్తం.

మొన్న సంక్రాంతి ముందు సమాఖ్య ఆఫీసులో కూర్చొని, ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి అడిగినం: "బాన్సువాడలో ఇంట్ల చేసిన సకినాలు ఎక్కడ దొరుకుతయి?" ఫోను రెండు దుకాణాల పేర్లు చెప్పింది. మన పేరు చెప్పలేదు. ఆ రెండిట్ల ఒక దుకాణానికి సకినాలు చేసిచ్చేది మన సంఘపోళ్లే. పిండి మనది, చెయ్యి మనది, పొయ్యి కాడ వేడి మనది. పేరు మాత్రం వాళ్లది. దాంట్ల తప్పు ఫోనుది కాదు, దుకాణపోళ్లది కూడా కాదు. మనం ఉన్నమని ఫోనుకు మనం ఎన్నడూ చెప్పలేదు.

గూగుల్‌లో తెలుగులో మాట్లాడి వెతికే వీలు 2017 ఆగస్టులో వచ్చింది. అలెక్సా స్పీకర్లు మన దేశంలోకి వచ్చింది కూడా ఆ ఏడాదే. 2024లో గూగుల్ వాళ్ల జెమిని తెలుగులోకి వచ్చింది. టైపు చెయ్యడం రాని పెద్దమనిషి కూడా ఇప్పుడు ఫోనుతో మాట్లాడి సరుకు అడుగుతున్నడు. మనకు ఇది ఎందుకు ముఖ్యమంటే, టైపు చేసేవాళ్లు రెండు ముక్కలు కొట్టి, వచ్చిన పది పేర్లలో చూసుకుంటరు. నోటితో అడిగేవాళ్లు పూర్తి ప్రశ్న అడుగుతరు. ఫోను ఒకటో రెండో పేర్లు చదివి ఊకుంటది. ఆ ఒకటి రెండిట్ల లేకుంటే మన సరుకు ఎంత మంచిదైనా ఎవరికీ వినపడదు.

ఫోను ఆ పేర్లు ఎక్కడ నుంచి తెస్తది? మన మాటను ముందు అక్షరాలుగా మార్చుకుంటది. తర్వాత ఆ మాటలు దుకాణాల వివరాలలో, మ్యాపులో, కొన్నోళ్లు రాసిన అభిప్రాయాలలో ఎక్కడున్నయో వెతుకుతది. అంటే రాసి పెట్టిందే అది చెప్తది. అందుకే ఈ ఏడాది మనం చెయ్యాల్సినవి కొన్ని ఉన్నయి.

మొదటిది, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో పేరు పెట్టుకోవడం. దీనికి పైసా ఖర్చు లేదు. పేరు, ఊరు, ఫోన్ నంబరు, తెరిచే వేళలు, ఫోటోలు పెట్టాలె. ఇంటి నుంచే చేసి, ఇండ్లకు తెచ్చిచ్చే అక్కలు ఇంటి అడ్రసు బయటికి కనపడకుండా పెట్టుకోవచ్చు. ఏ ఊర్ల దాకా తెచ్చిస్తరో చెప్తే చాలు. వేళలు ఖచ్చితంగా ఉండాలె. తెరిచి ఉందని ఫోను చెప్పినంక, వచ్చినోళ్లకు తాళం కనపడితే మళ్ల రారు.

రెండోది, పేర్లు. మనం గారెలు అంటే పప్పులేసిన, కరకరలాడే అప్పలు. ఆంధ్ర దిక్కు గారెలు అంటే మినప్పిండి వడలు. మన గారెలను వాళ్లు చెక్కలు అంటరు. మనం తొక్కు అంటే వాళ్లు పచ్చడి అంటరు. మనకు కుడుక, వాళ్లకు ఎండుకొబ్బరి. హైదరాబాద్‌లో ఈ రెండు తీర్ల మాటలు మాట్లాడేవాళ్లు ఉన్నరు. కాబట్టి వివరాలు రాసేటప్పుడు రెండు పేర్లూ రాద్దాం: "గారెలు, చెక్కలు", "మామిడికాయ తొక్కు, మామిడికాయ పచ్చడి". మన మాట తీసేయొద్దు, వాళ్ల మాట పక్కన చేర్చాలె. మన మాటలో అడిగే మనోళ్లు కూడా ఎక్కువే.

మూడోది, కొన్నోళ్లను అభిప్రాయం రాయుమని అడగడం. "సకినాలు బాగున్నయి, నూనె వాసన లేదు" అని ఒక్క వాక్యం రాసినా మంచిదే. చుట్టాలతో అబద్ధం రాయించొద్దు. ఒక్కసారి నమ్మకం పోతే తేలేం.

ఇంకో మాట. మనలో చదువు రాని అక్కలు చాలామంది ఉన్నరు. వాట్సాప్‌లో ఆర్డరు వస్తే, కొడుకో మనుమడో ఇంటికొచ్చి చదివేదాకా ఆగాల్సి వస్తుంది. అంతలో అడిగినోళ్లు ఇంకొకరి దగ్గర కొంటరు. ఇప్పుడు కొన్నోళ్లతో "నోటితో చెప్పి పంపుండ్రి" అనొచ్చు, మనం కూడా నోటితోనే జవాబు పంపొచ్చు. కీబోర్డు మీది మైకు గుర్తు నొక్కి చెప్తే ఫోనే తెలుగులో రాస్తది. మొదట్ల తప్పులు రాస్తది. సిగ్గుపడొద్దు. నిదానంగా, ఒక్కో మాట విడిచి చెప్పాలె. ధర, బరువు, తారీకు మాత్రం పంపే ముందు ఎవరితోనైనా ఒకసారి చూపించుకోవాలె. అరకిలో అన్నది కిలో అయితే నష్టం మనకే.

జాగ్రత్త కూడా చెప్పాలె. "మీ దుకాణం పేరు గూగుల్‌లో ముందు పెడతం, పైసలు కట్టుండ్రి" అని ఎవరన్నా ఫోన్ చేస్తే పెట్టేయుండ్రి. ప్రకటనలు కాక, మ్యాపులో మామూలుగా వచ్చే వరుసను గూగుల్ పైసలకు అమ్మదు. గొంతు ఎంత మర్యాదగా ఉన్నా, మనిషిదైనా మిషనుదైనా, ఓటీపీ, యూపీఐ పిన్ చెప్పొద్దు. మోసపోతే ఇంట్ల ఏమంటరోనని దాచొద్దు. వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలె, సంఘంలో చెప్పాలె. ఆలస్యమైతే పైసలు చేతికి రావడం కష్టం.

చివరగా, ప్రతి సంఘం వచ్చే నెల మీటింగుకు ఒక కాగితం తేవాలని కోరుతున్నం. మీరు చేసే సరుకు, దానికి మీ ఇంట్ల పేరు, బయటోళ్లు పిలిచే పేరు, ధర, ఏ వేళల్లో దొరుకుతది, ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలె — ఇంతే. రాయరాని అక్కలు చెప్పుండ్రి, మేము రాస్తం. ఫోన్‌లో ఎక్కించే పని ఆఫీసుల అందరం కలిసి కూర్చొని చేద్దాం. దుకాణాలకు సరుకు ఇయ్యొద్దని మేము అంటలేం. వాళ్లకు ఇచ్చేది ఇస్తూనే, మన పేరుతో కూడా అమ్ముదాం.

వచ్చే సంక్రాంతికి మళ్ల అదే ప్రశ్న ఫోన్‌ను అడుగుదాం. అప్పుడు ఏ పేరు చెప్తదో అందరం కలిసి విందాం.