ఒక తెర, రెండు పనులు



చిన్న టెలివిజనొకటి కొని, దానినే కంప్యూటరునకును తెరగా వాడుకొందమను కోరిక నేడు పల్లెలయందును పెక్కు గృహములలో గలదు. గది ఇరుకు, చేతిలోని పైకము మితము, రెండు తెరలెందులకు? ఈ యూహ మంచిదే. అయితే కొనుటయందు నేను పొరపడిన విధమును ముందుగా విన్నవించెదను.

మా మనుమడు కళాశాలలో చేరిన యేట, వాని చదువునకును నా గ్రంథపఠనమునకును పనికివచ్చునని 32 అంగుళముల టెలివిజనును దెచ్చితిని. పాతపుస్తకముల ప్రతులనేకములు ఇపుడు కంప్యూటరునందే చదువ వీలగుచున్నవి గదా! చూపు మందగించిన నాకు పెద్ద తెర మేలని తలచితిని. అంగడివాడు దానిపై రంగుల పక్షులను, జలపాతములను చూపెను, చూచి మురిసితిని. ఇంటికి వచ్చి పుట తెరువగా గుడికిని గుడిదీర్ఘమునకును భేదము తెలియదాయెను. వత్తులు మసిచుక్కలవలె నుండెను. ఏండ్ల తరబడి పిల్లల వ్రాతలు దిద్దినవాడను. నా కన్నులదే దోషమని రెండు నెలలు కుమిలి, కంటియద్దములు సయితము మార్పించుకొంటిని.

దోషము తెరది. తెరయనగా సన్నని చుక్కల కూర్పు. అంగుళములు మూలనుండి యెదుటి మూలకు గల కొలత మాత్రమే. చుక్కలెన్నియో అవి చెప్పవు. నా తెరలో అడ్డముగా 1366, నిలువుగా 768 చుక్కలు, అనగా పదిన్నర లక్షలు. దీనిని ‘హెచ్.డి. రెడీ’ యని యమ్ముదురు. ‘ఫుల్ హెచ్.డి.’ యనుదానిలో 1920, 1080 చొప్పున ఇరువది లక్షలకు పైబడును. నా తెరపై అంగుళమునకు 49 చుక్కలే పడినవి. 24 అంగుళముల ఫుల్ హెచ్.డి. తెరపై 92 పడును. 10 అడుగుల దూరమున గూర్చుండి సీరియలు చూచువానికి ఈ భేదము తోపదు. మూరెడున్నర దూరమున గూర్చుండి చదువువానికి ఇదియే ప్రధానము. అందును ఇంగ్లీషు అక్షరమునకు చాలిన చుక్కలు మన యక్షరమునకు చాలవు. మనది పైన గుడిని, క్రింద వత్తును మోయవలసినది.

ఇందొక మెలిక గలదు. తక్కువ చుక్కల తెరయు 1920 చుక్కల బొమ్మను గ్రహించి, లోలోపల కుదించి చూపగలదు. కావున ‘1080 కూడ వచ్చునండీ’ యన్న మాటతో తృప్తిపడరాదు. పెట్టెమీద ‘రెజల్యూషన్’ అనుదాని కెదుట తెరకు స్వతస్సిద్ధముగా నున్న సంఖ్యను చదువవలెను.

కొన్ని టెలివిజనులు బొమ్మ అంచులను కోసివేయును. గాజుగొట్టపు టెలివిజనుల కాలమునాటి యలవాటిది. కంప్యూటరున గడియారమును, మూయు గుర్తును అంచుననే యుండుటచే చిక్కు వచ్చును. బొమ్మ పరిమాణమును మార్చుచోట ‘జస్ట్ స్కాన్’ అనియో ‘స్క్రీన్ ఫిట్’ అనియో యుండునది యెంచుకొనిన సరిపడును. ‘షార్ప్‌నెస్’ అనుదానిని తగ్గింపుడు. పేరు పదునే గాని, హెచ్చించినచో అక్షరముచుట్టు తెల్లని నీడ గట్టును.

చదువే ముఖ్యమైనవారు మానిటరునే కొని, హెచ్.డి.ఎమ్.ఐ. త్రాడుతో సెట్‌టాప్ బాక్సును దానికి తగిలించుకొనవచ్చును. మానిటరులు పెక్కింటికి ధ్వని యుండదు. అది యడిగి తెలిసికొనవలెను.

ఏది కొన్నను, కంప్యూటరును సంచిలో బెట్టుకొని అంగడికి పొండు. పక్షులను చూపనీయకుడు. తెలుగు పుట తెరచి, కుర్చీ వేయించుకొని, ఇంట గూర్చుండునంత దూరముననే గూర్చుండి ‘స్త్రీ’, ‘శాస్త్రము’, ‘లక్ష్మి’ అను మాటలను చదువుడు. రెండవమారు నేనట్లే చేసితిని. కుర్చీ యడిగినందుకు అంగడివాడు వింతగా చూచెను, చూడనిండు.

ఆ 32 అంగుళములది ఇపుడు మా వసారాలో నున్నది. సాయంకాలము మా యింటివారు దానియెదుట జేరుదురు. నా బల్లమీద 24 అంగుళముల మానిటరు గలదు. మొన్న దానిపై మా మనుమని వ్యాసమును చదువుచు, గుడి యుండవలసినచోట గుడిదీర్ఘము పడియుండగా పట్టుకొంటిని.