రెండు కళ్లూ చూస్తున్నాయా? చిన్నపిల్లల కంటి పరీక్ష గురించి

(ఓ.పి. హాలులో రోగుల కుటుంబాలకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)

పొద్దున్నే బయలుదేరి వచ్చి, చీటీ రాయించుకుని కూర్చున్నారు. మీ వంతు వచ్చేలోగా నా మాటలు కొంచెం వినండి. పిల్లలున్న ప్రతి ఇంటికీ పనికొచ్చే సంగతి ఇది.

కొన్నేళ్ల క్రితం ఒక రాత్రి తొమ్మిదేళ్ల బాబును తీసుకొచ్చారు. చీపురుపుల్లలతో బాణాలు వేసుకుంటూ ఆడుతుంటే కుడికంట్లో పుల్ల గుచ్చుకుంది. డాక్టరుగారు కుట్లు వేసి, కట్టు కట్టారు. తెల్లవారి నేను మాత్ర, మంచినీళ్లు అందిస్తే బాబు చెయ్యి గ్లాసు పక్కకు పోయింది. నా వేళ్లు చూపించి ఎన్ని అని అడిగాను. చెప్పలేకపోయాడు. ఎడమకంటికి దెబ్బ తగలలేదు మరి!

పరీక్ష చేస్తే తెలిసింది. ఎడమకంట్లో చిన్నప్పటి నుంచీ పవరు చాలా ఎక్కువగా ఉంది. ఆ కన్ను ఏనాడూ సరిగా చూడలేదు. తండ్రి నమ్మలేదు. "ఇన్నాళ్లూ బాగానే చూశాడు కదా సిస్టర్, సైకిలు కూడా తొక్కుతాడు" అన్నాడు. నిజమే, కానీ ఆ తొక్కింది ఒక్క కంటి చూపుతోనే. కుడికన్ను కొంతవరకు కోలుకుంది. ఎడమకంటికి అద్దాలిచ్చి, వైద్యం చేస్తే కొంత మెరుగైంది కానీ పూర్తి చూపు రాలేదు. మూడేళ్లప్పుడో నాలుగేళ్లప్పుడో ఒక్కసారి పరీక్ష చేయించి ఉంటే ఎంత బాగుండేది!

ఆ తండ్రిది నిర్లక్ష్యం కాదు. పిల్లవాడు చెప్పలేదు, ఆయనకు తెలియలేదు. ఒక కంటికి మసకగా కనబడితే పిల్లలు చెప్పరు. పుట్టినప్పటి నుంచీ అలాగే ఉంటే, లోకం అందరికీ అలాగే కనబడుతుందనుకుంటారు.

ఇలా ఎందుకు జరుగుతుంది? కన్ను బొమ్మను పంపుతుంది, దాన్ని చూసి తెలుసుకునేది మెదడు. మెదడు ఈ పని నేర్చుకునేది పుట్టినప్పటి నుంచి ఏడెనిమిదేళ్ల లోపు. ఒక కన్ను మసక బొమ్మ పంపుతుంటే మెదడు దాన్ని వదిలేసి, రెండో కంటితోనే పని జరుపుకుంటుంది. దీన్నే మందదృష్టి లేక సోమరి కన్ను అంటారు. రెండు కళ్ల పవరులో తేడా, మెల్లకన్ను, పుట్టుకతో వచ్చే శుక్లం, కంటిపాపను మూసేటంతగా వాలిన రెప్ప దీనికి కారణాలు.

చిన్నతనంలో కనిపెడితే వైద్యం తేలికే. ముందు సరైన అద్దాలు ఇస్తారు. అవసరమైతే మంచికంటికి రోజుకు కొన్ని గంటలు పట్టీ వేసి, బలహీనమైన కంటితో చూడడం అలవాటు చేయిస్తారు. పిల్లవాడు ఏడుస్తాడు, పట్టీ పీకేస్తాడు. అమ్మమ్మో నాయనమ్మో జాలిపడి తీసేస్తుంది. దయచేసి అలా తీయవద్దు. ఆ వేళలో బొమ్మలు వేయించండి, పూసలు గుచ్చించండి, కథ చెప్పండి. ఏడేళ్లలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. దాటినా మానుకోవద్దు, తీసుకురండి.

పరీక్ష ఎప్పుడు చేయించాలి? గుర్తుపెట్టుకోండి.

పుట్టిన బిడ్డ కళ్లను ఇంటికి వెళ్లేలోగా డాక్టరుగారికి చూపించాలి. 34 వారాలు నిండకుండా లేక 2 కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు నెల రోజుల్లోపే కంటి వెనుక పొరను పరీక్ష చేయించాలి. మరీ చిన్న బిడ్డకు ఇంకా ముందే చేయాలి. ఇందులో ఆలస్యమైతే చూపు పోవచ్చు. తరువాత 3, 4 ఏళ్ల మధ్య ఒకసారి, బడిలో చేర్చేటప్పుడు ఒకసారి చూపించాలి. ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడే అద్దాలు గానీ మెల్లకన్ను గానీ ఉంటే ఏడాదిలోపే తీసుకురండి.

"అక్షరాలు రాని పిల్లకు పరీక్షేమిటి?" అని అడుగుతారు. బొమ్మల కార్డులున్నాయి, అటూ ఇటూ తిప్పిన ఒకే అక్షరం చూపించి, కాళ్లు ఎటున్నాయో వేలితో చూపమంటాం. పసిబిడ్డలకైతే టార్చి లాంటి పరికరంతో చూసి పవరు లెక్కకడతారు. కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తారు. కొంచెం మండుతుంది, ఆ తరువాత కొంతకాలం దగ్గరవి మసకగా కనబడతాయి, వెలుతురు ఓర్వలేరు. మందును బట్టి ఒక రోజు నుంచి కొన్ని రోజుల వరకు ఉండి తగ్గిపోతుంది. భయపడవద్దు.

ఇంట్లో మీరే చేయగలిగినది ఒకటుంది. ఆటలాగా ఒక కన్ను అరచేతితో మూయండి, తరువాత రెండోది మూయండి. ఒక కన్ను మూసినప్పుడే బిడ్డ విసుక్కుని చెయ్యి తోసేస్తే, రెండో కంటికి చూపు తక్కువేమోనని అనుమానించాలి. ఏ తేడా కనబడకపోయినా ఆసుపత్రి పరీక్ష మాత్రం మానవద్దు.

కంటిపాప తెల్లగా కనబడినా, రాత్రి లైటు వెలుగులోనో ఫోటోలోనో పిల్లికన్నులా మెరిసినా ఆ వారంలోనే రండి. శుక్లం కావచ్చు, కంటిలో కాన్సరు కావచ్చు. త్వరగా వస్తే ప్రాణం నిలుస్తుంది, చాలాసార్లు కన్నూ నిలుస్తుంది. నాలుగు నెలలు దాటినా కళ్లు ఒకే వైపు చూడకపోతే "మెల్లకన్ను అదృష్టం" అని ఊరుకోవద్దు. కంట్లో ఆకు పసరు, చనుబాలు, ఆముదం పోయవద్దు.

ఆడపిల్లకు అద్దాలు పెడితే పెళ్లి కాదని భయపడే తల్లులున్నారు. అద్దాల వల్ల చూపు చెడిపోదు. పెట్టకపోతేనే నష్టం. అంగన్‌వాడీలో, బడిలో పరీక్ష చేసినవారు చీటీ రాసిస్తే దాన్ని పెట్టెలో దాచకండి, పట్టుకుని రండి.

ఈరోజు మీరు వేరే జబ్బు కోసం వచ్చి ఉండవచ్చు. మీ వెంట వచ్చిన చిన్నపిల్లల పేర్లు కూడా కంటి విభాగంలో రాయించి వెళ్లండి. ఇంటి దగ్గరున్న పిల్లలను మరోరోజు తీసుకురండి. "బాగానే చూస్తున్నాడు" అనే ముందు, రెండు కళ్లతోనూ చూస్తున్నాడా అని ఒక్కసారి తెలుసుకోండి. సెలవు.