పరీక్షయా? పరిశీలనమా?

వరంగల్లులోని ఎనుమాముల విపణికి పత్తి వచ్చినపుడు కాటాపై నుంచి బరువు చూచుటతోనే పని ముగియదు. తేమ యెంత యున్నదో చూతురు; పింజను, రంగును పరిశీలింతురు. పత్తికే ఇన్ని పరీక్షలు కావలసియుండగా, పండ్రెండేండ్ల బాలుని బుద్ధిని ఒక్క అంకెతో తూచి, వీనికి 36, వానికి 72 అని చెప్పి మనము తృప్తిపడుట ఎట్లు? శ్రోతలారా, తరగతిగదిలో పిల్లల చదువును కొలుచు విషయమును నేడు మీ ముందుంచ దలచితిమి.

వెనుకటి వీధిబడిలో మార్కులు లేవు. బాలుడు ఇసుకలో అక్షరములు దిద్దెడివాడు. ఎక్కములను, పద్యములను పంతులుగారికి అప్పజెప్పెడివాడు. ఒక్కొక్కరి పాఠమును వారివారి నోటనే వినుటవలన, ఎవరు ఎచ్చట ఆగిపోయిరో పంతులుగారికి తెలియుచుండెడిది. అది ఆ పద్ధతిలోని మేలు. అప్పజెప్పినదానికి అర్థము తెలిసినదా యను ప్రశ్న తరచుగా మిగిలిపోయెడిది. అది దాని లోపము.

పిమ్మట పెద్ద పరీక్షలు వచ్చినవి. నిజాము పాలనలో ఈ ప్రాంతమున పై తరగతుల బోధన ఉర్దూలో జరిగెను. ఇంటిలో తెలుగు మాటలాడు బాలుడు భూగోళమునకు ఉర్దూలో సమాధానము వ్రాసి తప్పినపుడు, తప్పినది భూగోళమా, భాషయా? ఆ ప్రశ్న నేటికిని పాతబడలేదు. 2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 1 నుండి 8వ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. విజ్ఞానశాస్త్రమున ఒక బాలికకు సున్న వచ్చినచో, అదే ప్రశ్నను తెలుగులో నోటితో అడిగి చూడక, ఆమెకు శాస్త్రము రాదనుట న్యాయము కాదు.

ఒక్క తుది పరీక్షనే నమ్ముకొనరాదనియు, విద్యార్థి సంవత్సరమంతయు చేసిన పనికి విలువ యుండవలెననియు 1953లో ముదలియారు సంఘము తెలిపెను. మూల్యాంకనము ఎడతెగని ప్రక్రియ యని 1964-66 నాటి కొఠారీ సంఘము చెప్పెను. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము నిరంతర సమగ్ర మూల్యాంకనమును విధించుటయే గాక, బాలుని భయమునుండి విడిపింపవలెనని కూడ శాసించెను. ఎనిమిదవ తరగతి ముగియువరకు ఎవరిని నిలిపివేయరాదనెను. 2019 నాటి సవరణతో 5, 8 తరగతులలో పరీక్ష పెట్టి, తప్పినవారికి మరల అవకాశమిచ్చి, అప్పటికిని తప్పినచో నిలుపుటకు ప్రభుత్వములకు వీలు కలిగినది. నిలుపుట మేలా, పంపుట మేలా యని వాదములు జరుగుచున్నవి. అయితే బాలునికి రానిదేదో ఎవరును కనుగొననపుడు, నిలిపినను పంపినను అతని గతి యొక్కటియే.

1967లో మైకేల్ స్క్రివెన్ అను పండితుడు మూల్యాంకనమును రెండు విధములుగా విడదీసెను. వానినే నేడు మన పాఠశాలలలో నిర్మాణాత్మకము, సంగ్రహణాత్మకము అనుచున్నారు. మొదటిది పైరు పెరుగుచుండగా ఆకు త్రిప్పి పురుగును చూచుట వంటిది. రెండవది కోత యైన పిమ్మట బస్తాలు లెక్కించుట వంటిది. రెండును కావలసినవే. కాని లెక్కించుటవలన పంట పెరుగదు.

మూడవ తరగతి పిల్లలకు 52 నుండి 27 తీసివేయు లెక్క నిచ్చితిమనుకొందము. ఒకడు 35 అని వ్రాసెను. ఒక బాలిక 79 అని వ్రాసినది. ఇంకొకడు 24 అనెను. మువ్వురికిని సున్నయే. కాని మొదటివాడు 2 నుండి 7 పోదని తలచి, 7 నుండియే 2 తీసివేసెను. పదిని విడదీసి ఒకట్లలో కలుపుకొనుట అతనికి తెలియదు. బాలిక గుర్తును చూడక కూడినది. మూడవవానికి పద్ధతి వచ్చును. 12 నుండి 7 పోగా 5 అనుటకు మారు 4 అనెను. మొదటివానికి చింతగింజలను పదేసి కుప్పలుగా పోసి చూపవలెను. బాలికకు "గుర్తు చూడు తల్లీ" యను మాట చాలును. మూడవవానికి కొంత అభ్యాసము కావలెను. "ఎట్లు చేసితివి?" అని యడిగినగాని ఈ భేదము బయటపడదు.

1988లో ఇజ్రాయేలు పరిశోధకురాలు రూత్ బట్లర్ ప్రకటించిన పరిశీలనలో కొందరు పిల్లలకు మార్కులను, కొందరికి వ్యాఖ్యలను, మరికొందరికి రెండింటిని ఇచ్చిరి. వ్యాఖ్యలు మాత్రమే పొందినవారు బాగుపడిరి. మార్కుతోపాటు వ్యాఖ్యను పొందినవారికి ఆ మేలు కలుగలేదు. అంకెను చూచిన కన్ను మాటను చూడదు కాబోలు.

మన రాష్ట్రమున నిర్మాణాత్మక మూల్యాంకనమునకు పిల్లల భాగస్వామ్యము, రాతపనులు, ప్రాజెక్టు పనులు, లఘుపరీక్ష అను నాలుగు సాధనములను ఏర్పరచిరి. ఉద్దేశము మంచిది. కాని గైడునుండి ఎత్తివ్రాసిన ప్రాజెక్టునకు 10కి 9 వేసి, రికార్డు నింపుట మూల్యాంకనము కానేరదు. ప్రాథమిక తరగతులకై 2022లో ప్రారంభమైన "తొలిమెట్టు" బాలుని స్థాయిని ముందు తెలిసికొని బోధింపుమనెను. సూత్రము సరియైనదే. అయితే చదువలేనివారి జాబితాలో చేరిన పేరు ఏడాది చివరను అక్కడనే యుండినచో, ఆ గుర్తింపువలన బాలునికి ఒరిగినదేమి?

ఉపాధ్యాయులకు మా మనవి యొక్కటి. చేయి యెత్తిన నలుగురినే అడుగక, అందరిచేతను పలకలపై జవాబు వ్రాయించి ఒక్కసారి ఎత్తి చూపుమనుడు. ఎవరికి రాలేదో నిముషములో తెలియును. పత్తి తీత దినములలో బడికి రాని పిల్లలు వెనుకబడినచో, దానిని మందబుద్ధి యనకుడు. తప్పిపోయిన పాఠముగా నెంచుడు. తలిదండ్రులకు మరియొక మనవి. "ఎన్ని మార్కులు వచ్చినవి?" అని యడుగుటకు ముందు "నేడు ఏమి తెలిసికొంటివి?" అని యడుగుడు.

సున్న వేయుటకు క్షణము చాలును. అది యెందుకు వచ్చెనో తెలిసికొనుటకు బాలుని ప్రక్కన ఐదు నిముషములు కూర్చుండవలెను. రికార్డుల బరువును తగ్గించి, ఆ ఐదు నిముషములను ఉపాధ్యాయునికి మిగుల్చుట విద్యాశాఖ కర్తవ్యము. వానిని బాలునికే వినియోగించుట ఉపాధ్యాయుని కర్తవ్యము.