మా మాస్టారు 33 చుక్కలయ్యారు



మీ చేతిలో ఉన్న ఫోన్‌కి మనిషి డాన్స్ ఎలా కనిపిస్తుందో తెలుసా? చుక్కల్లా కనిపిస్తుంది. మీడియాపైప్ అని గూగుల్ వాళ్ల ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఒకటుంది. వీడియో ఇస్తే ముక్కు, భుజాలు, మోచేతులు, మోకాళ్లు, మడమలు... మొత్తం 33 చుక్కలు పెడుతుంది. వాటిని గీతలతో కలిపితే ఒక పుల్లబొమ్మ. మీరు కదిలితే అదీ కదులుతుంది.

నేను చిన్నప్పుడు పన్నెండేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. ఇప్పుడు రోబోలకి కదలికలు రాసే పని చేస్తున్నాను. మూడేళ్ల కిందట మా మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయనకి అప్పుడు 74 ఏళ్లు. మోకాళ్లు అరిగిపోయాయి. ఆయన సొంతంగా కూర్చిన జతులు ఏ పుస్తకంలోనూ లేవు, ఆయన ఒంట్లోనే ఉన్నాయి. "ఒక్కసారి చెయ్యండి మాస్టారూ, రికార్డు చేసుకుంటాను" అని అడిగాను. పాపం, గోడ పట్టుకుని లేచి మరీ చేశారు.

రాత్రంతా కూర్చుని దాన్ని పుల్లబొమ్మగా మార్చి మర్నాడు చూపించాను. మెచ్చుకుంటారని నా ఆశ. ఆయన చాలాసేపు చూసి, "అడుగులు సరిగానే ఉన్నాయమ్మాయ్. కానీ వీడు నేల మీద లేడు" అన్నారు.

(నవ్వులు)

ఆ మాట అర్థం కావడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. పాదం ఎక్కడుందో కెమెరా చెప్తుంది. దాని మీద ఎంత బరువు పడిందో చెప్పదు. తరంగం చూశారుగా? ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి పళ్లేన్ని జరుపుతూ ఆడతాం. చూసేవాళ్లకి మనిషి జారుతున్నట్టుంటుంది. లోపల మాత్రం ప్రతి క్షణం బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతూనే ఉంటుంది. అది తప్పితే పడిపోతాం. పుల్లబొమ్మకి పడిపోవడం అనేదే లేదు!

రోబోకి ఉంది. 2020 డిసెంబర్‌లో బోస్టన్ డైనమిక్స్ వాళ్ల అట్లాస్ రోబోలు డాన్స్ చేసిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. దానికి మోనికా థామస్ అనే కొరియోగ్రాఫర్ పనిచేశారు. అక్కడ స్టెప్పు అందంగా ఉంటే చాలదు. ఆ స్టెప్పు వేస్తే మెషీన్ నిలబడుతుందా లేదా అన్న లెక్క కూడా తేలాలి. తైవాన్‌లో హువాంగ్ యీ అనే డాన్సర్ ఉన్నారు. ఫ్యాక్టరీల్లో వాడే కూకా అనే రోబో చెయ్యితో కలిసి డాన్స్ చేస్తారు. ప్రోగ్రామింగ్ కూడా ఆయనే. ఒక్క నిమిషం కదలికకి దాదాపు 10 గంటల పని!

ఇంకొకాయన కథ నాకు మా మాస్టారిని గుర్తు చేస్తుంది. అమెరికాలో మెర్స్ కన్నింగ్‌హామ్. డెబ్బై దాటాక కీళ్ల నొప్పులతో తను చేసి చూపించలేని పరిస్థితి. అప్పుడు లైఫ్‌ఫామ్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలతో స్టెప్పులు కూర్చడం మొదలుపెట్టారు. 1991లో వచ్చిన 'ట్రాకర్స్' అలా పుట్టిందే. స్క్రీన్ మీది బొమ్మకి బరువుండదు కదా, కొన్ని స్టెప్పులు మనిషికి అసాధ్యంగా ఉండేవి. ఆయన డాన్సర్లు వాటికి తమ బరువు జోడించి చేసి చూసేవాళ్లు. 1999లో 'బైపెడ్' చేశారు. దాంట్లో డాన్సర్ల కదలికల్ని మోషన్ క్యాప్చర్ చేసి, గీతల బొమ్మలుగా స్టేజీ మీద వేశారు. ఆ కదలికలు జీనీ స్టీల్, జారెడ్ ఫిలిప్స్ లాంటి డాన్సర్లవని ఇవాళ్టికీ చెప్పుకుంటాం.

ఇక్కడే నా తప్పు ఒకటి చెప్పాలి.

మాస్టారి ఫైల్‌ని నేను ఒక వెబ్‌సైట్‌లో ఫ్రీగా పెట్టేశాను. ఆయన్ని అడగలేదు. పేరు కూడా రాయలేదు. ఆరు నెలల తర్వాత మా తమ్ముడు ఒక రీల్ పంపాడు. కార్టూన్ పులి ఒకటి మా మాస్టారి జతి ఆడుతోంది. కింద ఇంకెవరిదో పేరు. కడుపులో దేవినట్టయింది.

భయపడుతూనే వెళ్లి చూపించాను. ముందు నవ్వారు. "పులి బాగానే చేస్తోందే!" అన్నారు. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. ఆఖరికి, "నా పేరు లేకపోతే పోనీలే. నాకు నేర్పినాయన పేరైనా వెయ్యాల్సిందమ్మా" అన్నారు.

నా దగ్గర సమాధానం లేదు. ఫైల్ తీసేశాను. కానీ అప్పటికే కాపీ చేసుకున్నవాళ్ల దగ్గర నుంచి ఎలా తీస్తాను?

చట్టం లేదా అంటారేమో. ఉంది. మన 1957 కాపీరైట్ చట్టంలో నృత్య రచన కూడా ఉంది. కాకపోతే అది రాతలోనో, ఇంకో రూపంలోనో నమోదై ఉండాలి. అడవులు అందరివీ. వాటితో ఆయన కూర్చిన జతి మాత్రం ఆయనది. దాన్ని మొదట నమోదు చేసింది నేనే, పేరు లేకుండా వదిలేసిందీ నేనే.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను, ఈసారి అడిగి. ఒక చెక్క పలక కింద నాలుగు మూలలా లోడ్ సెల్స్ పెట్టాను. కిరాణా కొట్టు కాటాలో ఉండేవే. ఏ మూల ఎంత బరువు పడుతోందో చూస్తే, ఒంటి బరువు ఎక్కడ ఆనుతోందో స్క్రీన్ మీద ఒక చుక్కగా కనిపిస్తుంది. మాస్టారు దాని మీద అరమండిలో నిలబడ్డారు. చుక్క మధ్యలో లేదు, కుడివైపుకి పోయింది. మళ్లీ నిలబడ్డారు. మళ్లీ కుడికే.

నేను అదేదో ఆయన స్టైల్ అనుకుని రాసేసుకుంటున్నాను. ఆయన ఆపారు. "అది నాట్యం కాదే. ఎడమ మోకాలు నొప్పి. పిల్లలకి అది నేర్పకు" అన్నారు.

చూడండి, మెషీన్ రెండూ రికార్డు చేసింది, నాట్యాన్నీ నొప్పినీ. ఏది ఏదో చెప్పగలిగింది ఆయనొక్కరే. ఆయన్ని అడగకుండా ఆ ఫైల్‌తో ఏ రోబోకో నేర్పి ఉంటే, అది ఒక ముసలాయన మోకాలి నొప్పిని కూచిపూడి అనుకుని ఆడేది.

(చప్పట్లు)

ఇప్పుడు మా ప్రతి ఫైల్‌లో మొదటి లైను మాస్టారి పేరు, రెండో లైను ఆయన గురువుగారి పేరు. తర్వాతే అంకెలు.

మీ ఇంట్లో, మీ ఊళ్లో కోలాటమో, చిందో, డప్పో తెలిసిన పెద్దవాళ్లు ఉంటే, ఫోన్ తీయండి. తప్పకుండా రికార్డు చేయండి. కానీ ముందు అడగండి. అయ్యాక వాళ్ల పక్కన కూర్చుని వాళ్లకే చూపించండి. ఏది తప్పో, ఏది ఉంచాలో వాళ్లే చెప్తారు.