ఊరి కుక్కలు, ఇంటి కుందేళ్లు : పంచాయతీ చేయదగిన పని

(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)

 

పంచాయతీ సమావేశములలో మురుగు కాలువలను గురించి, వీధి దీపములను గురించి, మంచినీటిని గురించి చర్చ జరుగుట సహజము. కుక్కల ప్రసక్తి మాత్రము ఊరిలో ఎవరినైన కరచిన మరునాడు గాని రాదు. ఆనాడు అందరును కోపముతో మాట్లాడుదురు. వారము గడచిన పిదప ఆ మాట మరుగున పడును. నేడు నేను మనవి చేయబోవునది, కరవక ముందే చర్చించవలసిన విషయము.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములు 2016 అక్టోబరులో జిల్లాలుగా ఏర్పడుటకు పూర్వము మహబూబ్‌నగర్ జిల్లాలో భాగములై యుండెను. ఈ సీమలో కుక్క లేని పల్లె లేదు. గొల్ల, కురుమ సోదరుల మందల వెంట కుక్క నడచును. నడిగడ్డ పత్తి చేలకడను, వనపర్తి వైపు వేరుశనగ కళ్లములకడను అదియే కావలి. నల్లమలలో చెంచులు తమ నివాసములను పెంటలందురు. ఆ పెంటలలో కుక్క ఇంటి మనిషితో సమానము. కుందేలు మాత్రము కొత్త చుట్టము. పిల్లలు ముచ్చటపడి పట్నమునుండి తెప్పించుకొన్న తెల్ల కుందేళ్లు ఇప్పుడు పల్లెటూళ్లలో కూడ అక్కడక్కడ కనబడుచున్నవి. ముందుగా కుక్క సంగతి చెప్పెదను. అది మనుష్యుల ప్రాణములతో కూడిన సంగతి.

పిచ్చికుక్క కాటువలన వచ్చు రోగమును రేబీస్ అందురు. ఆ రోగ లక్షణములు ఒక్కసారి బయటపడిన తరువాత మనిషిని బ్రతికించుట దాదాపు అసాధ్యము. ప్రపంచమంతటను ఏటా సుమారు 59,000 మంది ఈ రోగమునకు బలియగుచున్నారని అంచనా. వారిలో పదునైదేండ్ల లోపు పిల్లలు నూటికి 40 మంది వరకు ఉందురు. పిల్లలు కుక్కతో ఆడుకొందురు. కరచిన సంగతి దెబ్బలకు భయపడి ఇంటిలో చెప్పరు. కావున “కుక్క గీరినను, కరచినను చెప్పుము, నిన్నేమియు అనము” అను మాట ప్రతి ఇంటిలోను, ప్రతి బడిలోను పిల్లలకు ముందే చెప్పి యుంచవలెను.

1885 జూలై 6వ తేదీన లూయీ పాస్చర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తొమ్మిదేండ్ల బాలునకు మొదటిసారిగా ఈ రోగమునకు టీకా వేయించి రక్షించెను. మన పెద్దలకు గుర్తున్నది వేరొక టీకా. బొడ్డు చుట్టు పద్నాలుగు వరకు సూదులు పొడుచుచుండిరి. ఆ బాధకు జడిసి ఆసుపత్రికి పోని వారెందరో! ఆ పాత టీకా మన దేశములో 2005 నాటికి పూర్తిగా నిలిచిపోయినది. ఇప్పటి టీకా భుజమునకు వేయుదురు. చర్మములోనికి ఇచ్చు పద్ధతిలో మొదటి దినమున, తరువాత 3వ, 7వ, 28వ దినములలో వేసిన సరిపోవును. కండలోనికి ఇచ్చునప్పుడు అయిదు పర్యాయములు వేయుదురు. గాయము లోతైనదైనను, రక్తము వచ్చినను టీకాతోపాటు గాయములోనే సీరము కూడ ఎక్కించవలసి యుండును. పాత భయము మాత్రము ఇంకను పోలేదు. దానిని పోగొట్టుట ఆశా కార్యకర్తల పనియే కాదు, మీ పని కూడ.

అయితే ఆసుపత్రికి పోవుటకు ముందే చేయవలసిన పని యొకటి కలదు. దానిని మించినది లేదనియే నా అభిప్రాయము. కరచిన చోటును సబ్బుతో, ధారగా పడు నీటి క్రింద పదునైదు నిమిషములు కడుగవలెను. పదునైదు నిమిషములనగా తక్కువ కాలము కాదు. రెండు బిందెల నీరు పట్టును. రోగక్రిమిని గాయములోనే నశింపజేయుటకు ఇంతకంటె సులభమైన సాధనము లేదు. కారము, సున్నము, కిరసనాయిలు, పసరు మొదలైనవి పూయరాదు. కాల్చి వాత పెట్టరాదు. “కుక్క ఏమగునో చూచి సూది వేయించుకొందము” అని ఆగరాదు. కరచిన కుక్కను పది దినములు కనిపెట్టి చూచుట మంచిదే గాని, టీకా మొదలుపెట్టిన తరువాతనే చూడవలెను. 

పిచ్చి యెత్తిన కుక్క యెల్లప్పుడును వెంటబడి కరచుచుండునని తలచుట పొరపాటు. ఒక్కొక్కటి చీకటి మూలలో ముడుచుకొని పడి యుండును. దాని క్రింది దవుడ వ్రేలాడును, చొల్లు కారును, మొరుగుటలో గొంతు మారును. జాలిపడి దగ్గరకు పోయి నోటిలో చేయి పెట్టినవారికే ప్రమాదము.

పశువుల విషయమై కూడ ఇట్టి పొరపాటే జరుగుచున్నది. పిచ్చికుక్క కరచిన గేదెకు కొన్ని వారములకో నెలలకో రోగము వచ్చును. అది మేత మానును, చొల్లు కార్చును, వింతగా అరచును. గొంతులో ఏదో అడ్డుపడినదని రైతు చేయి పెట్టి వెదకును. ఆ చేయి పెట్టుటయే ముప్పు. అట్టి పశువును ముట్టక పశువైద్యాధికారికి కబురంపవలెను. కరచినట్లు వెంటనే తెలిసినచో పశువునకును టీకాలు వేయవచ్చును. ఆ గేదె పాలు త్రాగిన వాడకట్టు వాడకట్టంతయు భయపడి ఆసుపత్రికి పరుగెత్తుట కలదు. కాచిన పాలవలన ఈ రోగము రాదు. అనుమానమున్న పశువు పాలను పచ్చివిగా త్రాగరాదు, అంతియే.

ఇక కుక్కలను చంపించుట. ఈ మాట ఎత్తని పంచాయతీ అరుదు. 2024 ఫిబ్రవరిలో మన పొరుగున మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలములోని పొన్నకల్ గ్రామమున 20 వరకు వీధికుక్కలు తుపాకి కాల్పులకు చనిపోగా పోలీసు కేసు నడచెను. చంపుట చట్టరీత్యా నేరము. ఆ మాట అటుంచి, లాభనష్టములు చూడుడు. ఊరి కుక్కలను చంపినచో, ఊరిలోని ఎంగిలి, పెంటకుప్పలు అట్లే యుండును గనుక పొరుగూరి కుక్కలు వచ్చి చేరును. మిగిలిన ఆడకుక్కలు రెండు నెలలకు పైచిలుకు మోసి ఈని, ఆరు నెలలలో మరల సంఖ్యను పూడ్చును. చచ్చిన వానిలో టీకా వేసినవి కూడ ఉండును. వచ్చిన వానికి టీకా ఉండదు. అనగా ఊరు మునుపటికంటె ఎక్కువ ప్రమాదములో పడును. ఊరి కుక్కలలో నూటికి 70కి తగ్గకుండ ఏటా టీకా వేసిన యెడల రోగము ఒకదానినుండి యొకదానికి ప్రాకుట ఆగిపోవునని అనేక దేశముల అనుభవము. 2030 నాటికి కుక్కలవలన వచ్చు రేబీస్‌ను నిర్మూలించవలెనని భారత ప్రభుత్వము 2021 సెప్టెంబరు 28న ప్రణాళికను ప్రకటించినది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు వీధికుక్కలకు శస్త్రచికిత్స చేయించి, టీకా వేయించు బాధ్యతను స్థానిక సంస్థలపైననే ఉంచినవి. చిన్న పంచాయతీకి ఒంటరిగా శస్త్రచికిత్సా కేంద్రము పెట్టు స్తోమతు లేదన్నది నిజమే. నాలుగైదు పంచాయతీలు కలిసి మండలము ద్వారా అడుగుట వేరు, ఒక్కొక్కరే అర్జీలు పెట్టుకొనుట వేరు. శస్త్రచికిత్స ఆలస్యమైనను టీకా ఆగనక్కరలేదు.

మన ప్రాంతమునకు ప్రత్యేకముగా చెప్పవలసిన మరియొక రోగము కలదు. దానిని గూర్చి మాట్లాడువారు తక్కువ. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణము దేశములో ప్రథమ స్థానమున నిలిచినది. గొర్రెలున్న చోట మందకుక్కలుండును, వారాంతమున కోతలుండును. గొర్రెను కోసినప్పుడు కాలేజము మీద, ఊపిరితిత్తుల మీద నీటి బుడ్డలవంటివి కనబడుట కోతపనివారికందరికి తెలిసినదే. పనికిరాదని దానిని కుక్కకు విసరుదురు. ఆ బుడ్డలో బద్దెపురుగు పిల్లలుండును. అవి కుక్క ప్రేగులలో పెద్దవగును. పెద్దవి యనగా అరంగుళము కూడ ఉండవు! వాని గ్రుడ్లు కుక్క మలముతో బయటపడి, గడ్డిమీదనుండి గొర్రెలోనికి, కడుగని చేతులనుండియు, కూరగాయలనుండియు మనిషిలోనికి పోవును. మనిషి కాలేజములోను ఊపిరితిత్తులలోను అట్టి బుడ్డయే ఏండ్ల తరబడి మెల్లగా పెరుగును. కొందరికి శస్త్రచికిత్స తప్పదు. గొర్రె తల ఒక వైపునకు వంచి గుండ్రముగా తిరుగుచు చచ్చుట చూచియుందురు. అది కూడ కుక్కనుండి వచ్చు వేరొక బద్దెపురుగు చేయు పనియే కావచ్చును. 

గొర్రెలకు నట్టల మందు త్రాగించుట మన గొల్ల కురుమలకు బాగుగా అలవాటైనది. మందకుక్కను మాత్రము మరచుచున్నారు. దానికి కూడ పశువైద్యుని సలహాపై కనీసము మూడు నెలలకొకసారి మందు వేయవలెను. అంతకంటె ముఖ్యముగా, కోత జరుగు చోట పంచాయతీవారు లోతైన గొయ్యి త్రవ్వించి, మూత పెట్టించి, వ్యర్థములన్నియు అందులో పూడ్చు ఏర్పాటు చేయవలెను. ఒక్క గొయ్యితో గొర్రెకును, మనిషికిని మేలగును; కుక్కలు గుంపులుగా చేరి పోట్లాడుటయు తగ్గును. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చు పని పంచాయతీ పద్దులో మరియొకటి నాకు కనబడదు.

కుక్కపిల్లలను పెంచువారికి రెండు మాటలు. రెండు మూడు వారముల వయస్సునుండియే నట్టల మందు మొదలుపెట్టవలెను; ఆరు నుండి ఎనిమిది వారముల వయస్సులో పార్వో, డిస్టెంపరు రోగములకు టీకా, మూడు నెలల వయస్సున రేబీస్ టీకా, తరువాత ఏటేట. పిల్లలలో వాంతులు, దుర్వాసనతో కూడిన నెత్తుటి విరేచనములు కనబడినచో పార్వో అని అనుమానించి ఆ దినమే వైద్యునికి చూపవలెను. ఒక రాత్రి ఆలస్యము ప్రాణము తీయును. గోమార్లు పట్టినప్పుడు పత్తికి కొట్టు మందును నీటిలో కలిపి కుక్కకు పూయువారు కలరు. గోమార్లకంటె ముందు కుక్క చచ్చును. తలనొప్పికి మనము వేసికొను మాత్రలు కూడ దానికి విషము కావచ్చును.

డిస్టెంపరును గూర్చి నాగర్‌కర్నూలు జిల్లావారు, అందును అమ్రాబాద్ పులుల అభయారణ్యపు అంచున నున్న గ్రామములవారు, తప్పక ఆలకించవలెను. కన్ను ముక్కు కారుట, దగ్గు, పిదప మూర్ఛలు దీని లక్షణములు. ఇది పులులకు, చిరుతలకు కూడ అంటును. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో కొద్ది వారములలో 20కి పైగా సింహములు చనిపోగా, కొన్నింటిలో ఈ రోగక్రిమియే బయటపడినది. పెంటలలోని కుక్కలకు టీకా వేయించుట చెంచులకును, పులికిని చేయు సేవ.

ఇక కుందేళ్లు. కుక్కవలె అరచి బాధ చెప్పుకొనని జీవము. అది ఒక పూట మేత మానినచో తొందరపడవలెను. రేపు చూతమనుకొన్న రేపు ఉండదు. దాని పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును గనుక, ఎండుగడ్డి నమలి అరగదీసికొనవలెను. గడ్డియే దానికి అన్నము. బిస్కట్లు, అన్నము పెట్టి చంపుకొనువారే ఎక్కువ. వేరుశనగ కట్టె మంచి మేతయే గాని, బూజు పట్టిన కట్టె, బూజు పట్టిన చెక్క పెట్టరాదు. ఆ బూజులోని విషము కాలేజమును పాడుచేయును. తడిసిన ఆకు, మురికి నేల యున్నచో పిల్లలకు కడుపుబ్బి విరేచనములు పట్టును. చెవిలో పక్కులు గట్టుట, ముక్కు చుట్టు, కాళ్లమీద బొచ్చు రాలుట గజ్జి లక్షణములు. పశువైద్యుని సూదిమందుతో నయమగును. కుక్క గోమార్లకు వాడు ఫిప్రోనిల్ మందు మాత్రము కుందేలునకు తగులనీయరాదు, అది ప్రాణాంతకము. 

పాలమూరు వేసవి కుందేలునకు పెద్ద శత్రువు. 35 డిగ్రీలు దాటినచో దానికి ఊపిరాడదు. మనకు 40 దాటుట మామూలు. రేకుల క్రింద పెట్టక, వేపచెట్టు నీడలో గంప యెత్తున గూడు కట్టి, చుట్టు తడిపిన గోనెపట్టాలు వ్రేలాడదీయవలెను. ఆడమగలను ఒకే గూటిలో ఉంచినచో నెలకొక ఈత తప్పదు. పెరిగిన వానిని పొదలలో వదలుట జాలి కాదు. ఇది పరదేశపు జాతి. మన చెవులపిల్లి వేరు జాతి. ఆ చెవులపిల్లిని ఉచ్చు పన్ని పట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరమని కూడ ఊరిలో తెలియజేయుడు.

టీకా దినమును గూర్చి చెప్పి ముగించెదను. సెప్టెంబరు 28 ప్రపంచ రేబీస్ దినము. ఆ వారములో ఒక దినమును పశువైద్యాధికారితో మాట్లాడి నిర్ణయించుకొని, ముందురోజు సాయంత్రము చాటింపు వేయించుడు. తెల్లవారుజామున, మందలు బయలుదేరక ముందే ఆరంభించవలెను. ఎండ ఎక్కినచో కుక్కలు చేలలోనికి పోవును. టీకా మందు మంచుపెట్టెలో 2 నుండి 8 డిగ్రీల మధ్య నుండవలెను; ఆ పెట్టె నీడలో నున్నదో లేదో ఒక సభ్యుడు చూచుకొనవలెను. టీకా పడిన కుక్కకు మెడలో రంగు త్రాడు కట్టి, పుస్తకములో వ్రాసికొనుడు. ఎవరికిని చెందని వీధికుక్కలకు రోజూ బువ్వ పెట్టు అవ్వ ఎవరో ఒకరు ప్రతి వాడలోను ఉందురు. ఆమెను పిలిచినచో వల అవసరమే పడదు. పిల్లలను తమ కుందేళ్లను కూడ గంపలలో తెచ్చుకొమ్మనుడు. కుక్కల వరుసకు దూరముగా, బడి వరండాలో కూర్చుండబెట్టినచో, డాక్టరుగారు వాని చెవులును పండ్లును చూచి పంపుదురు.